అతకని అరటిపండు

మొన్న బుధవారం పొద్దున్న మా ఇంట్లో ఒక చక్కెరకేళి విరిగింది. అరటిపండు విరగడం వార్త కాదు, ఒప్పుకుంటాను. కానీ అది మూడున్నరేళ్ల మా మనవడి చేతిలో, తొక్క ఒలుస్తుండగా, సరిగ్గా నడిమికి విరిగింది. వాడు రెండు ముక్కల వంకా మార్చి మార్చి చూశాడు. "తాతయ్యా, అతికించు" అన్నాడు. అతకదురా నాయనా అన్నాను. అంతే. వెల్లకిలా పడిపోయి, మడమలతో నేలను బాదుతూ, పై అంతస్తు వాళ్లు కిందికి తొంగిచూసేలా ఏడుపు ఎత్తుకున్నాడు. ఇంకో పండు ఇస్తే విసిరికొట్టాడు. వాడికి కావలసింది పండు కాదు. ఆ పండే కావాలి, అదీ విరగక ముందుది.

అబ్బాయి ఆఫీసు మీటింగు మధ్యలో మైకు కట్టేసి పరుగెత్తుకొచ్చాడు. కోడలు వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "బంగారం, నీకు కోపం వచ్చింది కదూ? పండు విరిగిందని బాధగా ఉంది కదూ? బాధపడొచ్చు నాన్నా, తప్పు లేదు. ఇప్పుడు నీకు హగ్ కావాలా, స్పేస్ కావాలా?" అని అడుగుతోంది. లాగూ గుండీ పెట్టుకోవడం రాని వాణ్ణి పట్టుకుని స్పేస్ కావాలా అంటే వాడేం చెబుతాడు, ఇస్రోలో చేరతానంటాడా? అబ్బాయేమో "డీప్ బ్రెత్ తీసుకో, ఇలా, ఇలా" అంటూ తానే రొప్పుతున్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ "నిన్న పార్కులో ఎవరి కళ్లు పడ్డాయో, ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తానుండండి" అంది. మరి నేను ఊరుకుంటానా? "మా రోజుల్లో అయితేనా..." అని మొదలుపెట్టాను. "నాన్నా, ప్లీజ్" అన్నాడు అబ్బాయి.

నలుగురం కలిసి ఇరవై నిమిషాలు మాట్లాడాం. వాడు ఇరవై నిమిషాలు ఏడ్చాడు. నా వాక్యం మాత్రం సగంలో ఆగిపోయింది. ఆ మిగతా సగం ఇక్కడ పూర్తి చేసుకుంటాను.

మా రోజుల్లో అంటే, నేను 1951లో పుట్టాను, తెనాలి పక్క పల్లెలో. ఏడుగురు పిల్లలం. మా నాన్న కేకలేసే మనిషి కాదు. కండువా భుజం మార్చుకుంటూ ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపుకి గొంతులో ఏడుపు గొంతులోనే ఆరిపోయేది. అమ్మ చేతిలో తొడపాశం ఉండేది. చుట్టాల ముందు చిరునవ్వు చెదరకుండా, పంచదార ఎంత వేయమంటారని అడుగుతూనే, అవతలి చేత్తో మా తొడ మెలిపెట్టగలిగేది. ఈ ఇద్దరికీ లొంగని వాళ్లకు బూచాడు, బుడబుక్కలవాడి జోలె, ఎర్రటోపీ పోలీసు, సూదిమందు డాక్టరు. బళ్లో గోడకుర్చీ, గుంజీలు, చింతబరికె. చేతులు కట్టి తాడుకు వేలాడదీసే కోదండం మాత్రం మా నాన్నల తరం సరుకు, మేం కథలుగా విన్నదే.

ఇంకో తేడా కూడా ఉంది. ఇప్పుడు పిల్లల ఏడుపులన్నిటికీ ఒకటే పేరు, మెల్ట్‌డౌన్. పిల్లాడు కరిగిపోతున్నాడట, ఎండలో పెట్టిన పుల్లఐసులాగా. మాకు ఒక్కో ఏడుపుకీ ఒక్కో పేరుండేది. నిద్ర ముంచుకొచ్చి, ఏం కావాలో తనకే తెలియక చేసేది మారాం. దానికి మందు భుజం మీద వేసుకుని వీధి చివరిదాకా ఒక తిరుగుడు. ఫలానాది కావాలని తెగేసి అడిగేది పేచీ, దానికి బేరం కుదరొచ్చు. ఇస్తానన్నా తీసుకోనిది మంకు, దాని జోలికి పోకూడదు. కన్నీటి చుక్క లేకుండా శ్రుతి చూసుకుని సాగదీసేది రాగం, దాని మానాన దాన్ని వదిలేసేవాళ్లు. మూలకెళ్లి గోడవైపు తిరిగి కూర్చునేది అలక. దానికి బతిమాలేవాళ్లు ఉండాలి, లేకపోతే తనంత తానే లేచి అన్నానికొస్తుంది.

అన్నిటికన్నా భయంకరమైనది గుక్క. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, పెదాలు నీలమై, ఒళ్లు కొయ్యబారిపోవడం. మా ఆఖరి చెల్లెలికి వచ్చేది. అమ్మ మొహం మీద ఉఫ్ఫని ఊదేది, చెంబుతో నీళ్లు చల్లేది, నాయనమ్మ దేవుళ్లందరికీ మొక్కేది. ఆరు నెలల నుంచి ఐదారేళ్ల వయసు లోపు పిల్లల్లో కొందరికి ఇలా వస్తుందనీ, చాలామందికి పెద్దయ్యేసరికి దానంతటదే పోతుందనీ, రక్తంలో ఇనుము తక్కువైన పిల్లల్లో ఇది ఎక్కువనీ, ఒకసారి డాక్టరుకు చూపించి రక్తం పరీక్ష చేయించాలనీ నాకు అరవై దాటాక తెలిసింది. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లకు మేం మెడలో రాగిరేకు కట్టాం.

పెద్దవాళ్ల ఏడుపుకి మాత్రం ఎప్పుడూ మర్యాదే. దశరథ మహారాజు అంతఃపురంలో రాణులు అలగడానికి ప్రత్యేకంగా ఒక గదే ఉండేది. మన పెళ్లిళ్లలో అలకపాన్పు. మూడేళ్ల వాడు బెల్లం ముక్క కోసం నేల మీద దొర్లితే వీపు మోగుతుంది, ఇరవయ్యారేళ్ల వాడు స్కూటరు కోసం పరుపు మీద పడుకుంటే మామగారు వచ్చి గడ్డం పట్టుకుంటాడు. 1977లో నేనూ అలిగాను. హెచ్‌ఎంటీ వాచీ ఇచ్చి లేపారు. మా ఆవిడ నలభై ఎనిమిదేళ్లుగా ఆ సంగతి ఎత్తని పండగ లేదు. ఆ వాచీ ఇంకా నడుస్తోంది, దాంతో కాస్త పనుంది, తర్వాత చెబుతాను.

ముందు నాయనమ్మ గురించి చెప్పాలి. నాకు ఆరేళ్లప్పుడు బొంగరాలాటలో పక్కింటివాడి మేకు దిగి నా బొంగరం నిలువునా చీలింది. గుంటూరు నుంచి మేనమామ తెచ్చిన లక్క బొంగరం. రెండు చెక్కలూ పట్టుకుని ఇంటికొచ్చి అరుగు కింద దుమ్ములో పడి పొర్లాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. ఏడవకనీ అనలేదు. కొత్తది కొనిపెడతాననీ అనలేదు. చాట ఎత్తుకుని అరుగు దిగి, నాకు జానెడు దూరంలో మెట్టు మీద కూర్చుని, తన పని తాను చేసుకుంది. నేను కాళ్లు విసిరినప్పుడు చాట కాస్త పక్కకు జరిపింది, తాను జరగలేదు. చాలాసేపటికి అరుపు వెక్కిళ్లలోకి దిగింది. అప్పుడంది, "దాహమేస్తోందా?" అని. ఆ రెండు చెక్కలూ ఎటుపోయాయో గుర్తులేదు. ఆ చెంబు నీళ్ల చల్లదనం గుర్తుంది.

అదే ఏడు సంక్రాంతికి గాలిపటం చిరిగి అలాగే పొర్లితే, ఆ పూట నాయనమ్మ ఊళ్లో లేదు, నాన్న రెండు తగిలించాడు. ఏడుపు టక్కున ఆగింది. మా ఈడు వాళ్లం పార్కు బెంచీల మీద కూర్చుని "ఒక్క దెబ్బకు నోరు మూసేవాళ్లం" అని గొప్పగా చెప్పుకుంటామే, ఆ ఆగడం ఇదే. ఆగింది నోరు. ఆ మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్లి, పందిరెక్కి పూత మీదున్న పొట్లపాదును మొదలంటా పీకేశాను. పందికొక్కు పని అనుకున్నారు ఇంట్లో. నాన్న పోయి ముప్పై ఏళ్లయింది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై అయిదేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, పోతనను తలవకుండా ఉండలేను. దశమ స్కంధంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడొచ్చి కవ్వం పట్టుకుంటాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని పాలిస్తుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. పిల్లాణ్ణి సగంలో దించి పరుగెడుతుంది. వాడికి ఒళ్లు మండి రాయి తీసుకుని కుండ పగలగొడతాడు. ఆవిడ కర్ర పట్టుకుని వెంటపడుతుంది, దొరికాక కొట్టడానికి చేతులు రాక రోటికి కట్టేస్తుంది. తాడు రెండంగుళాలు తక్కువ కావడం, రోలు ఈడ్చుకెళ్లి మద్దిచెట్లు కూల్చడం, అన్నీ ఏటా రసవత్తరంగా చెప్పేవాణ్ణి, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. కడుపు నిండకుండా దించేసిందన్న ముక్క మీద మాత్రం ఎన్నడూ ఆగలేదు. కుండ ఎందుకు పగిలిందో ఆ పద్యాల్లోనే ఉంది, నేను రోలు దగ్గరికి తొందరపడ్డాను.

ఈ మాట కోడలితో అంటే ఫోనులో ఏదో తీసి చూపించింది. అమెరికాలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే ఆవిడ తల్లుల చేత పిల్లల కోపాల చిట్టా రాయించి 1931లో పుస్తకం వేసిందట. ఎప్పుడు అలిగారు, ముందేం జరిగింది, ఎంతసేపు, అన్నీ. తేలింది ఏమిటయ్యా అంటే, భోజనం వేళ దగ్గరపడ్డప్పుడూ, నిద్రవేళా, ఒంట్లో నలతగా ఉన్నప్పుడూ పేచీలు ఎక్కువని. సరే, యశోదకు ఆ పుస్తకం అందలేదు. 2003లో మైకేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు పేచీని నిమిషాల లెక్కన కోసి చూశారు. ఎక్కువ భాగం ఐదు నిమిషాల్లోపే ముగుస్తాయట. ఆ తర్వాత ఇదే పోటెగల్ ఇంకొకాయనతో కలిసి పిల్లల బట్టల్లో చిన్న మైకులు కుట్టి మరీ ఏడుపులు రికార్డు చేశాడు. కోపం, దుఃఖం ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి కావు, రెండూ కలిసే ఉంటాయి. అరుపులు, తన్నులు తొందరగా శిఖరానికెక్కి తొందరగా దిగిపోతాయి, అడుగున దుఃఖం మాత్రం మొదటినుంచి చివరిదాకా పారుతుంటుంది. కోపం దిగేదాకా ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆ మిగిలిన దుఃఖమే పిల్లాణ్ణి మన ఒళ్లోకి తీసుకొస్తుంది. మధ్యలో ప్రశ్నలు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

గౌనుల్లో మైకులు కుట్టి కనిపెట్టారమ్మా, మా నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ కనిపెట్టింది అన్నాను. కోడలు నవ్వి, "మరి మావయ్యగారూ, మీరు బళ్లో ఏం చేసేవారు?" అంది.

ఇలాంటి ప్రశ్నలకు మాకు వెంటనే వినికిడి తగ్గుతుంది. కానీ రాయడానికి కూర్చున్నాక దాటెయ్యడం బాగుండదు. చలం "బిడ్డల శిక్షణ" మా స్టాఫ్‌రూములో చేతులు మారేది. పిల్లల్ని కొట్టొద్దంటాడే, ఈయన్ని తీసుకొచ్చి ఎనిమిదో తరగతి బి సెక్షన్లో కూర్చోబెట్టాలి అని నవ్వుకునేవాళ్లం. బెల్లు కాగానే బెత్తం చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లం. ఎనభైల్లో నా తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. లాంగ్‌బెల్లు మోగినా, పక్క గుడిలో మైకు పెట్టినా రెండు చెవులూ మూసుకుని బెంచీ కిందికి దూరి అరిచేవాడు. లెక్కలు మాత్రం నోటితో చేసేవాడు. కొందరు గాలి సోకిందన్నారు, ధూపం వేయించారు. నేను పొగరన్నాను. ఒకసారి బెంచీ కిందనుంచి లాగి కొట్టాను. వాడు నన్ను చూడనే లేదు. దెబ్బ తప్పించుకోవాలని కూడా చూడలేదు.

పేచీ పెట్టే పిల్లాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని చూస్తాడు, మనం చూడ్డం లేదని తేలితే కాస్త ఆగుతాడు. వీడు అలా కాదు. చప్పుడో, వెలుగో, జనమో, మెడ దగ్గర గుచ్చుకునే చొక్కా లేబులో మోయలేనంత అయిపోతే తల బద్దలైనట్టు ఏడ్చే పిల్లలు వేరే ఉంటారు. వాళ్లకు ఏదీ అక్కర్లేదు, ఆ చప్పుడు ఆగితే చాలు. వాళ్లలో ఆటిజం ఉన్నవాళ్లూ ఉంటారు. మెల్ట్‌డౌన్ అనే మాటను ఇంతసేపు ఎగతాళి చేశాను కానీ, దానికి మా పాతమాటల్లో ఒక్కటీ సరిపోదు. మారాం కాదు, మంకు కాదు. మాకు పేరు లేక మొండి అన్నాం, పిచ్చి అన్నాం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల లోపాలున్నవాళ్ల కోసం జాతీయ సంస్థను 1984లోనే పెట్టారు, మా ఊరినుంచి ఒక రాత్రి ప్రయాణం. ఆ తండ్రికి ఆ మాట చెప్పాల్సిన చదువుకున్నవాణ్ణి నేనే, నాకే తెలియదు. ఐదేళ్లు దాటినా రోజూ ఇలాగే అవుతున్నా, తల గోడకేసి కొట్టుకుంటున్నా, వచ్చిన మాటలు పోతున్నా ధూపం వెయ్యకుండా డాక్టరుకు చూపించండి.

నేను 2009లో రిటైరయ్యాను. బళ్లో పిల్లల్ని కొట్టకూడదన్న విద్యాహక్కు చట్టం కూడా ఆ ఏడే చేశారు. నాకూ బెత్తానికీ ఒకేసారి సెలవిచ్చారు.

ఇంత ఒప్పుకున్నాను గదా అని ఈ కాలంవాళ్లు గెలిచారనుకోవద్దు. మీ పుస్తకాల మీద నాకు ఏ మాత్రం గురి లేదు. ఆ అమెరికాలోనే జాన్ వాట్సన్ అనే పెద్దమనిషి 1928లో, పిల్లల్ని ముద్దాడొద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే కరచాలనం చెయ్యండి చాలు అని రాశాడు, జనం ఎగబడి కొన్నారు. ఇప్పుడు హత్తుకోండి అంటున్నారు, రేపేమంటారో. మేం చెయ్యి ఎక్కువ వాడాం, మీరు నోరు ఎక్కువ వాడుతున్నారు. పిల్లాడు మునిగిపోతుంటే గట్టుమీద నిలబడి ఈత పాఠం చదువుతున్నారు. ఆ చెప్పే నాలుగు మాటలు వాడు తేరుకున్నాక, అన్నం తినేటప్పుడు చెప్పకూడదా?

నోరు అలిసిపోగానే ఫోను. ఇది ఇంకా ఘోరం. కూలికెళ్లే తల్లులు కొందరు పసివాళ్లకు ఆవగింజంత నల్లమందు నాకించి పడుకోబెట్టేవాళ్లని నాయనమ్మ చెప్పేది, పాపం అని కూడా అనేది, పొలం పోకపోతే పొయ్యి వెలగదు కనక. మీకేం వచ్చింది? రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించొద్దు, ఆపైన ఐదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట మించొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా అపార్టుమెంటులో ఆ గంట పొద్దున ఇడ్లీతోనే అయిపోతుంది.

అబ్బాయిది, కోడలిది తప్పని కూడా పూర్తిగా అనలేను. మా ఇంట్లో అమ్మ చెయ్యి లేస్తే పిల్లాణ్ణి లాక్కుపోవడానికి నాయనమ్మ ఉండేది, మేనత్త ఉండేది, ఎవరూ లేకపోతే దొడ్డిగుమ్మం ఉండేది. ఇక్కడ తొమ్మిదో అంతస్తు. ఇద్దరికీ రెండు మీటింగులు. మధ్యలో నేను, "మా రోజుల్లో" అంటూ.

అందుకే పోయిన శుక్రవారం నోరు కట్టేసుకుని చూశాను. మనవడూ నేనూ కూరలు కొనుక్కొస్తుంటే లిఫ్టులో పరధ్యానంగా తొమ్మిది నేనే నొక్కేశాను. అది వాడి హక్కు. తలుపు తెరుచుకోగానే వరండాలో పడిపోయాడు. సంచీ పక్కన పెట్టి, మోకాళ్లు సహకరించకపోయినా వాడి పక్కనే నేల మీద చతికిలబడ్డాను. చిక్కుడుకాయలుంటే ఈనెలు తీయడం మొదలుపెట్టాను. ఎదురు ఫ్లాటు ఆవిడ తలుపు తీసి "ఏమైందండీ" అంటే తల ఊపాను. అలిగి సంపాదించిన వాచీ వంక చూసుకుంటూ కూర్చున్నాను. మూడో నిమిషానికి కాళ్లు ఆగాయి. ఆరో నిమిషానికి పాక్కుంటూ వచ్చి నా తొడ మీద తల పెట్టాడు, చొక్కాకు ముక్కు తుడుచుకున్నాడు. "తాతయ్యా, కిందికెళ్లి మళ్లీ వద్దాం" అన్నాడు. వెళ్లాం. వాడే నొక్కాడు, తొమ్మిది బదులు ఆరు.

శనివారం మళ్లీ ఏడ్చాడు, ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టలేదని. ఆ రోజు నాకు బీపీ మాత్ర మర్చిపోయి తల దిమ్ముగా ఉంది. గట్టిగా అరిచాను. వాడు జడుసుకుని వాళ్లమ్మ వెనక్కి పోయాడు. మా ఆవిడ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

మొన్న తెనాలి వెళ్లే రైల్లో ఒక పాప ఇలాగే కాజీపేట దాటగానే అందుకుంది. తల్లి మొహం చూడాలి, సీటు కిందికి దూరిపోదామన్నట్టుంది. చుట్టూ పెద్దమనుషులు. ఒకాయన నల్లకోటాయన పట్టుకుపోతాడన్నాడు, ఒకావిడ బిస్కెట్ చూపించింది, ఇంకొకరు ఫోనులో పాట పెట్టారు, నా ఈడు ఆయన ఒకడు "మా రోజుల్లో" అనబోయాడు. అయ్యా, అమ్మా, మీకు చెయ్యెత్తి దణ్ణం పెడతాను. ఈసారి మీ బోగీలో పిల్లెవరైనా ఏడిస్తే ఆ తల్లిని గుచ్చి చూడకండి, నల్లకోటాయన్ని పిలవకండి. కిటికీ పక్కన మీరుంటే లేచి ఆ చోటు వాళ్లకివ్వండి. ఇచ్చాక ఏమీ మాట్లాడకండి.